మసకగా ఉన్న బీరు చెడిపోయినట్టేనా?

మొన్న ఉగాదికి మా తమ్ముడు బెంగళూరు నుంచి అనంతపురం వచ్చాడు. వాడు మా చిన్నమ్మ కొడుకు. రెండేళ్లుగా అక్కడ ఒక చిన్న బ్రూవరీలో పని చేస్తున్నాడు. బీరు అక్కడే కాచి, అక్కడే ట్యాంకు నుంచి గ్లాసులోకి పోసి అమ్మే చోటు అది. రాంనగర్‌లో మా ఇంటి మిద్దె మీద కూర్చుని వాడు ఫోన్‌లో ఫొటోలు చూపిస్తుంటే, ఒక ఫొటో దగ్గర చిన్నమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. పొడుగాటి గ్లాసు, పైన తెల్లటి నురగ. కింద మామిడిపండు రసంలో నీళ్లు కలిపినట్టు పచ్చగా, గ్లాసు వెనకాల పెట్టిన వేలు కూడా కనపడనంత చిక్కగా ఉంది.

“ఏంది నాయనా ఇది, ఇట్ల మడ్డిగా ఉండాది? చెడిపోయినదాన్ని జనాలకు పోస్తాండారా?”

వాడు నవ్వి, “లేదమ్మా, ఇది ఇట్లే ఉండాల. దీన్ని హేజీ బీరు, అంటే మసక బీరు అంటారు” అన్నాడు. చిన్నమ్మ నమ్మలేదు. నా వైపు చూసింది. నేను ఇక్కడే జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పైగా అంతకు నెల ముందు బెంగళూరు వెళ్లినప్పుడు, ఆ గ్లాసులో ఉన్న బీరునే తమ్ముడి పక్కన కూర్చుని రుచి చూసి వచ్చాను. జవాబు నేనే చెప్పాలని ఆమె ఉద్దేశం. ఆ రోజు మిద్దె మీద సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. చిన్నమ్మ అనుమానంలో తప్పేమీ లేదు. వానలు తక్కువ పడే జిల్లా మాది. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు, చెరువు నీళ్లు అన్నీ మోసిన తరం ఆమెది. నీళ్లు మురికిగా వస్తే బిందెలో పటిక తిప్పేవాళ్లు. లేదంటే చిల్లగింజ అరగదీసి కుండ లోపల పూసేవాళ్లు. తేటపడ్డాక పైనీళ్లు వంచుకునేవాళ్లు. తేటగా ఉంటే తాగొచ్చు, మడ్డిగా ఉంటే ఆలోచించాలి అన్న లెక్క వాళ్లను ఎన్నో రోగాల నుంచి కాపాడింది. కానీ ఆ లెక్కకు ఒక హద్దు ఉందని చెప్పింది కూడా మా జిల్లా నీళ్లే. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు అద్దంలా మెరుస్తాయి. అవి ఏళ్ల తరబడి తాగినవాళ్ల పళ్లు గారపట్టాయి, ఎముకలు వంగిపోయాయి. కంటికి తేటగా కనిపించినంత మాత్రాన నమ్మడానికి లేదని మాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

మసకకూ ఇదే వర్తిస్తుంది. మసక అనేది ఒకే వస్తువు కాదు. నాలుగైదు వేరు వేరు పదార్థాలు గ్లాసులో ఒకేలాంటి మసకను తెస్తాయి. అందులో ఒకటి బీరు పాడైందని చెబుతుంది, ఒకటి కాచినవాడు తొందరపడ్డాడని చెబుతుంది, ఒకటి ఎంతో ఓపికతో కావాలని తెచ్చినది. కాబట్టి మసక ఉందా లేదా అని అడిగి ఊరుకోకూడదు. దేని మసక అని అడగాలి.

వెలుతురు చెదిరితే మసక

ఇంటర్ పిల్లలకు టిండాల్ ప్రభావం చెప్పేటప్పుడు రెండు గ్లాసులు పెడతాను. ఒకదానిలో ఉప్పు నీళ్లు, రెండోదానిలో నాలుగు చుక్కల పాలు కలిపిన నీళ్లు. పక్క నుంచి టార్చి వేస్తే ఉప్పు నీళ్లలో వెలుగు దారి కనపడదు, పాల నీళ్లలో తెల్లటి గీతలా కనపడుతుంది. కరిగిపోయిన ఉప్పు వెలుతురును ఆపలేనంత చిన్నది. పాలలోని కొవ్వు బొట్లు, ప్రోటీన్ ముద్దలు దాన్ని అన్ని వైపులా చెదరగొట్టేంత పెద్దవి. పాతకాలపు మిద్దె ఇళ్లలో గవాక్షం నుంచి ఎండ పడితే, ఆ వెలుగులో ధూళి ఆడుతూ కనపడేది గుర్తుందా? అదీ ఇదే.

బీరులో మసక కూడా అంతే. లోపల ఏవో రేణువులు తేలుతున్నాయి, వెలుతురు చెదురుతోంది. ఆ రేణువులు ఎంత పెద్దవన్నదే అసలు ఆధారం. ఈస్ట్ కణం ఒక్కోటి 5 నుంచి 10 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ప్రోటీన్ మసకలోని రేణువులు చాలావరకు ఒక మైక్రాన్‌కు లోపే. పెద్ద బ్రూవరీల ల్యాబుల్లో మసకను కొలిచే యంత్రం వెలుతురును రెండు కోణాల్లో చూస్తుంది. 90 డిగ్రీల దగ్గర చిన్న రేణువులు, 25 డిగ్రీల దగ్గర పెద్ద రేణువులు బాగా దొరుకుతాయి. రెండు అంకెలూ పక్కపక్కన పెడితే లోపలిది ఈస్టా, ప్రోటీనా అన్నది చాలావరకు తేలిపోతుంది. మన దగ్గర ఆ యంత్రం లేదు. కన్ను, ముక్కు, నాలుక, కాస్త ఓపిక ఉన్నాయి.

అన్నిటికంటే మనకు బాగా తెలిసిన మసక ఈస్ట్‌ది. ఈత కల్లు తెల్లగా ఉండటానికి కారణం అదే. చెట్టు నుంచి దిగేటప్పుడు తియ్యగా ఉండే రసంలో గాలిలోంచి, కుండలోంచి చేరిన ఈస్ట్, బ్యాక్టీరియా గంటల్లోనే పని మొదలుపెడతాయి. ఆ కణాలే కల్లుకు తెల్లదనం. కాసేపు కదపకుండా పెడితే అడుగున మడ్డి పేరుకుంటుంది. బవేరియా గోధుమ బీరు హెఫెవైజెన్ కూడా ఈ జాతిదే. ‘హెఫె’ అంటే ఈస్ట్, ‘వైజెన్’ అంటే గోధుమ. జర్మనీలో ఆ పేరుతో అమ్మాలంటే మాల్ట్‌లో, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజల్లో, కనీసం సగం గోధుమ ఉండాలి. దాన్ని పోసేటప్పుడు సీసా అడుగున కాస్త మిగుల్చుకుని, గుండ్రంగా తిప్పి, అడుగున ఉన్న ఈస్ట్‌ను కూడా గ్లాసులోకి వంపుతారు. మసక అక్కడ మర్యాద.

రెండోది పిండి మసక. గంజి నీళ్లు ఎందుకు మసకగా ఉంటాయో అందుకే ఇదీ. బార్లీ మాల్ట్‌ను వేడి నీళ్లలో నానబెట్టినప్పుడు అందులోని పిండి పదార్థం మొత్తం చక్కెరగా మారాలి. సగంలో ఆపేస్తే మిగిలిన పిండి బీరులోకి వచ్చేస్తుంది. కాచేవాళ్లు ఒక చుక్క తీసి పింగాణీ పలక మీద అయోడిన్ వేసి చూస్తారు. నీలం రంగు వస్తే పిండి ఇంకా ఉన్నట్టు. ఏడో తరగతి పిల్లలు బంగాళాదుంప ముక్క మీద చేసే పరీక్షే. హేజీ బీరు మోజు పెరిగిన కొత్తలో, మసక సులువుగా రావాలని కాచే గిన్నెలో గోధుమపిండి కలిపినవాళ్లు కూడా ఉన్నారు. అది నాకు నచ్చని పని. చూపు కోసం రుచిని తాకట్టు పెట్టడమే.

మూడోది బ్యాక్టీరియా మసక. చిన్నమ్మ భయపడింది దీని గురించే. తేటగా ఉండాల్సిన బీరు మసకబారి, నోట్లో పెట్టుకోగానే పులుపు, వెన్న కరిగించినట్టు జిడ్డు వాసన వస్తే లాక్టిక్ బ్యాక్టీరియా చేరినట్టే. పులుపు కోసమే కాచిన బీర్లు వేరు. అది కాకుండా పుల్లబడితే గ్లాసు వెనక్కి ఇచ్చేయాలి. అడిగేందుకు మొహమాటపడక్కర్లేదు.

నేరేడు పండు చెప్పే కథ

ఇక నాలుగోది. తమ్ముడి ఫొటోలో ఉన్న మసక ఇదే. దీని గురించి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు.

సరిగ్గా మాగని నేరేడు పండు తింటే నాలుక మొద్దుబారి, బుగ్గలు లోపలికి లాక్కున్నట్టు అవుతుంది. దాన్ని వగరు అంటాం. నాలుక మీద రుచిమొగ్గలు పట్టుకునే తీపి, పులుపు లాంటిది కాదు వగరు, అది స్పర్శ. మన ఉమ్మిలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. వాటి వల్లే నోరు జారుడుగా ఉంటుంది. వాటిలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం చాలా ఎక్కువ. నేరేడులోని టానిన్లు, అంటే పాలీఫినాల్స్, ఆ ప్రోలిన్ ఉన్న చోట్లకు అతుక్కుంటాయి. ప్రోటీన్, టానిన్ రెండూ కలిసి ముద్దకట్టి విడిపోతాయి. నోటిలో జారుడు పోతుంది, గరుకు మిగులుతుంది. వక్క నమిలినా అంతే, పచ్చి అరటికాయ తొక్క కొరికినా అంతే.

ఇప్పుడు బీరు గ్లాసులోకి రండి. బార్లీ గింజలో హార్డీన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దానిలోనూ ప్రోలిన్ ఎక్కువే. గోధుమలోని ప్రోటీన్లూ ఆ కుటుంబానివే. బార్లీ పొట్టులో, బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ పువ్వుల్లో పాలీఫినాల్స్ ఉంటాయి. రెండూ ఒకే ద్రవంలో కలిస్తే నోట్లో జరిగినదే గ్లాసులోనూ జరుగుతుంది. అతుక్కుంటాయి, చిన్న చిన్న ముద్దలవుతాయి, వెలుతురును చెదరగొడతాయి. నోట్లో వగరుగా తెలిసేది గ్లాసులో మసకగా కనిపిస్తుంది. నేను మొదటిసారి ఇది చదివిన రోజున పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

బీరును తేటపరచడానికి వాడే పొడి ఒకటి ఉంది, పీవీపీపీ అంటారు. దాని అణువు రూపం ప్రోలిన్‌ను పోలి ఉంటుంది. పాలీఫినాల్స్ దాన్ని ప్రోటీన్ అనుకుని అతుక్కుంటాయి. ఆ పొడిని వడకట్టేస్తే మసక చేసే సరుకు దానితో పాటే బయటికి పోతుంది. చిల్లగింజకు ఫ్యాక్టరీలో పుట్టిన దూరపు చుట్టం అనుకోవచ్చు.

హేజీ కాచేవాళ్లు చేసేది దీనికి పూర్తిగా ఎదురు. బార్లీతో పాటు గోధుమ, ఓట్స్ బాగా వేస్తారు, ప్రోటీన్ పెరుగుతుంది. బీరు పులిశాక చల్లటి ట్యాంకులోకి మళ్లీ హాప్స్ వేస్తారు, అదీ బాగా ఎక్కువగా. పాలీఫినాల్స్ పెరుగుతాయి. వడపోత ఉండదు. కాబట్టి ఆ మసక కావాలని తెచ్చినదే అయినా, దాని కోసం విడిగా ఏదీ వెయ్యలేదు. మెత్తదనం కోసం ఓట్స్ వేశారు, వాసన కోసం హాప్స్ వేశారు. వాటి వెంట మసక వచ్చింది.

తేటదనానికి అంత విలువ ఎప్పుడు వచ్చింది?

ఈ భాగం త్వరగా చెబుతాను. ఒకప్పుడు యూరప్‌లో బీరు మట్టి, లోహపు కప్పుల్లో తాగేవాళ్లు. లోపల మసకగా ఉందో తేటగా ఉందో చూసేవాళ్లు తక్కువ. 1842లో బొహీమియాలోని పిల్సెన్ ఊరిలో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా నిపుణుడు లేత మాల్ట్, అక్కడి మెత్తటి నీళ్లు, చల్లటి చోట నెమ్మదిగా పనిచేసే ఈస్ట్ కలిపి బంగారు రంగులో మెరిసే బీరు తీశాడు. ఆ కాలానికే గాజు గ్లాసులు చవకవుతున్నాయి. తర్వాత వడపోత యంత్రాలు వచ్చాయి. బంగారంలా మెరిసేదే మంచి బీరు అన్న నమ్మకం అప్పటి నుంచి ప్రపంచమంతా పాకింది. మన ఊళ్లలో షాపుల్లో దొరికే సీసాలు చాలావరకు ఆ పిల్సెన్ బీరు సంతానమే.

గోధుమ బీరు తాగే ప్రాంతాలు మాత్రం మసకను పూర్తిగా వదల్లేదు. బెల్జియంలోని హూగార్డెన్ ఊరిలో ఆ రకం కనుమరుగైపోతే, పాలవాడిగా పనిచేసిన పియెర్ సెలిస్ 1960లలో దాన్ని మళ్లీ నిలబెట్టాడు. అందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ఇండియాలో 2015లో వచ్చిన బీరా 91 వైట్ చాలామందికి మసక బీరును మొదటిసారి పరిచయం చేసింది.

ఫొటోలో ఉన్న రకం ఇంకా కొత్తది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో ది ఆల్కెమిస్ట్ అనే చిన్న పబ్‌లో జాన్ కిమిచ్ 2004లో ‘హెడీ టాపర్’ అనే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, హాప్స్ ఎక్కువగా వేసే బీరు) కాచాడు. దాన్ని వడపోయలేదు. 2011లో అది క్యాన్లలో వచ్చింది. క్యాన్‌లోంచే తాగమని దాని మీదే అచ్చు వేశారు. ఆ దారిలో ఎంతోమంది నడిచారు. 2018లో అమెరికా బ్రూవర్స్ అసోసియేషన్ తన శైలుల పట్టికలో హేజీ రకాలకు విడిగా చోటిచ్చింది. అప్పటిదాకా పోటీల్లో ఐపీఏ మసకగా ఉంటే మార్కులు తగ్గేవి.

మూడు గ్లాసులు

బెంగళూరులో తమ్ముడు నా ముందు మూడు చిన్న గ్లాసులు పెట్టాడు. ఒకటి వాళ్ల లాగర్, అంటే పిల్సెన్ తరహా తేట బీరు, ఒకటి హెఫెవైజెన్, ఒకటి హేజీ ఐపీఏ. “అన్నా, ముందు చూడు, తర్వాత వాసన చూడు, చివర్లోనే తాగు” అన్నాడు. వాడికి పని నేర్పినవాళ్లు అలా చెప్పారట.

లాగర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తేటగా, చల్లగా, బ్రెడ్డు పైపొర వాసనతో బాగుంది.

హెఫెవైజెన్‌లో ముక్కు పెట్టగానే అరటిపండు. బాగా మాగిన చక్కెరకేళి. దాని వెనకాల లవంగం. అరటిపండు కానీ లవంగం కానీ అందులో వెయ్యలేదు. ఆ జాతి ఈస్ట్ ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ను తయారుచేస్తుంది, అరటిపండు వాసనకూ మూలం అదే. లవంగం లాంటి ఘాటు 4-వినైల్ గ్వయకోల్ అనే పదార్థానిది, అదీ ఈస్ట్ పనే. ఆ గ్లాసు పక్కన పెట్టి అరగంట తర్వాత చూశాను. పైభాగం కాస్త పలచబడింది, అడుగున లేత తెల్లటి పొర చేరింది. ఈస్ట్ మసక తన గుట్టు తానే చెప్పేసింది.

హేజీ గ్లాసు మాత్రం అరగంటకూ కదల్లేదు. మొదట పోసినప్పుడు ఎంత చిక్కగా ఉందో అంతే ఉంది.

దాని వాసన గురించి రాయాలంటే కొంచెం ఆగాలి. మొదట తగిలింది మామిడి. రసం మామిడి కాదు, బంగినపల్లి కోసినప్పుడు తొడిమ దగ్గర వచ్చే ఆ కొంచెం జీడివాసన కలిసిన మామిడి. తర్వాత జామపండు, నిమ్మతొక్క. చివర్లో, నాకు నమ్మకం కలగక రెండోసారి వాసన చూశాక, ధనియాలు. పచ్చిగా దంచిన ధనియాలు. ఒక్క పండు ముక్క, ఒక్క ధనియం కూడా ఆ ట్యాంకులో పడలేదని తమ్ముడు చెప్పాడు. మరి ఎక్కడివి?

హాప్స్ అంటే ఒక తీగ మొక్కకు కాసే పువ్వులు, పచ్చటి చిన్న పైన్ కాయల్లా ఉంటాయి. చల్లటి దేశాల పంట. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో కొద్దిగా పండించారు, మిగతాది దిగుమతే. ఆ పువ్వు రేకుల మొదట్లో పసుపు రంగు పుప్పొడి లాంటి పొడి ఉంటుంది. చేదు ఇచ్చే ఆమ్లాలు, సువాసన ఇచ్చే నూనెలు రెండూ అందులోనివే. నూనెల్లో ముఖ్యమైనది మిర్సీన్, మామిడి వాసనలోనూ అది ఉంటుంది. మరొకటి లినలూల్, ధనియాల నూనెలో ఎక్కువ భాగం అదే. జామ, గ్రేప్‌ఫ్రూట్ లాంటి వాసనలు థయోల్స్ అనే గంధకం కలిసిన అణువులవి. అవి అణువంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. పువ్వులో కొన్ని థయోల్స్ వాసన రాకుండా కట్టిపడేసినట్టు ఉంటే, ఈస్ట్ వచ్చి ఆ ముడి విప్పుతుంది. గులాబీ వాసన ఉన్న జెరనియోల్‌ను నిమ్మ వాసన వచ్చే సిట్రొనెల్లోల్‌గా మార్చేదీ ఈస్టే. అందుకే కొందరు బీరు ఇంకా పులుస్తుండగానే హాప్స్ వేస్తారు. మా చిన్నమ్మ వంటింట్లో ధనియాల డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసనకూ, అమెరికాలో పండిన పువ్వు వాసనకూ ఒకే అణువు కారణమంటే నాకు అందులో ఎంతో అందం కనపడుతుంది.

మరి చేదు? ఐపీఏ అంటే చేదు అని విని భయపడేవాళ్లు చాలామంది. హాప్స్‌ను గంటసేపు మరిగిస్తే అందులోని ఆల్ఫా ఆమ్లాల రూపం మారి, నీళ్లలో కరిగే చేదు పదార్థాలు అవుతాయి. అదే వేడికి సువాసన నూనెలు ఆవిరైపోతాయి. అంటే మరిగేకొద్దీ చేదు వస్తుంది, వాసన పోతుంది. హేజీ కాచేవాళ్లు మరిగేటప్పుడు చాలా తక్కువ హాప్స్ వేసి, పొయ్యి ఆర్పి 80 డిగ్రీల దగ్గరికి దిగాక కొంత, ట్యాంకులో చల్లగా ఉన్నప్పుడు చాలా వేస్తారు. చారు దించాక కొత్తిమీర వెయ్యడం ఎందుకో మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇదీ అంతే.

నోట్లో పోసుకుంటే మొదట తెలిసింది మెత్తదనం. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే జిగురు పదార్థం, ప్రోటీన్లు కలిసి ఇచ్చిన నునుపు అది. పలచటి రాగి అంబలి గొంతు దిగేటప్పుడు ఎలా ఉంటుందో ఆ తీరు. చేదు చివర్లో వచ్చి త్వరగా వెళ్లిపోయింది. మింగిన తర్వాత గొంతు వెనకాల కొంచెం గీరినట్టయింది. అడిగితే తమ్ముడు దాచకుండా చెప్పాడు: ఈ ట్యాంకు తెరిచి మూడు రోజులే అయింది, హాప్స్ పొడి పూర్తిగా దిగలేదు, ఇంకో వారం ఆగి ఉంటే ఆ మంట ఉండేది కాదు. పాలీఫినాల్స్, తేలుతున్న ఆకుపచ్చ రేణువులు గొంతుకు చేసే పని అది. మసకలోనూ మాగిన మసక, పచ్చి మసక అని తేడా ఉందని అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి, నీళ్లు. బీరులో తొంభై శాతానికి పైగా నీళ్లే. నీళ్లలో సల్ఫేట్ ఎక్కువైతే చేదు పదునుగా, పొడిగా తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో బర్టన్ ఊరి నీళ్లు అలాంటివి, పాత ఐపీఏల పేరంతా అక్కడిదే. క్లోరైడ్ ఎక్కువైతే నిండుగా, గుండ్రంగా తెలుస్తుంది. హేజీకి కావలసింది అదే. ఇప్పుడు ఎక్కడి నీళ్లైనా ఆర్ఓలో లవణాలు తీసేసి, కావలసినవి తూకం వేసి కలుపుకుంటున్నారు. తమ్ముడి బ్రూవరీలో ఆ పని వాడిదే. ఫ్లోరైడ్ నీళ్ల మధ్య పెరిగిన మా ఇంటి పిల్లవాడు నీళ్లలో ఏముందో గ్రాముల్లో లెక్క రాసుకుంటుంటే చూడటం నాకు గర్వంగా అనిపించింది.

వారాల్లోనే వాడిపోతుంది

ఇదంతా చదివి ఎవరైనా హేజీ బీరంటే ఎప్పుడూ ఇంత బాగుంటుంది అనుకుంటే పొరపాటు. రెండేళ్ల క్రితం ఒక పెద్ద ఊరిలో, పేరు అక్కర్లేదు, ఒక పబ్‌లో హేజీ అని తెచ్చి ఇచ్చారు. రంగు పసుపు కాదు, టీలో పాలు తక్కువైనట్టు మట్టి రంగు. వాసనలో మామిడి లేదు. తడిసి ఆరిన అట్టపెట్టె వాసన, దాని మీద పాత తేనె లాంటి తీపి. సగం కూడా తాగలేదు. మసక బీరు నాకు పడదని అప్పుడు అనుకున్నాను. పొరపాటు రకంలో లేదు, అది గాలి తగిలి వాడిపోయిన బీరు.

వాసన నూనెలు, పాలీఫినాల్స్ ఎంత ఎక్కువుంటే ఆక్సిజన్‌కు అంత మేత. కోసిన వంకాయ, ఆపిల్ నల్లబడినట్టే ఇదీ రంగు మారుతుంది. మామూలు లాగర్ నెలల తరబడి ఓర్చుకునేదాన్ని హేజీ కొన్ని వారాలు కూడా ఓర్చుకోలేదు. అందుకే క్యాన్ మూసేముందు లోపలి గాలిని కార్బన్ డయాక్సైడ్‌తో తరిమేస్తారు, ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచుతారు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారుగా రెట్టింపు అవుతుందని మేం క్లాసులో చెబుతాం. ఆ లెక్కన ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉండాల్సిన క్యాన్ 34 డిగ్రీల గదిలో ఉంటే ఎనిమిది రెట్ల వేగంతో పాతబడుతుంది. మే నెలలో మన అనంతపురం ఎండ సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి ఎక్కడ తాగినా ఎప్పుడు నింపారు, చల్లగానే ఉంచారా అని అడగండి. తెరిచే ముందు తేదీ చూడండి. తాగేటప్పుడు మాత్రం మరీ గడ్డకట్టేంత చలి వద్దు. 7, 8 డిగ్రీల దగ్గర వాసనలు బాగా పైకి వస్తాయి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. పండ్ల రసంలా ఉండటం వల్ల హేజీలో ఆల్కహాల్ తెలియదు. చాలా హేజీ ఐపీఏలు 6, 7 శాతం ఉంటాయి. 5 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల మామూలు సీసాలో 32.5 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటే, 7 శాతం ఉన్న అరలీటరు గ్లాసులో 35 మిల్లీలీటర్లు ఉంటుంది. ఒక్క గ్లాసే కదా అనిపిస్తుంది, లెక్క అలా లేదు. మన చట్టంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. బెంగళూరు నుంచి అనంతపురం 44వ నంబరు హైవే మీద నాలుగు గంటల దారి. ఆ దారిలో మనం పోగొట్టుకున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. నేను ఆ రోజు మూడు చిన్న గ్లాసులు రుచి చూసి, రాత్రికి తమ్ముడి గదిలోనే పడుకుని, మర్నాడు బస్సెక్కాను.

ఉగాది రోజు సాయంత్రం చిన్నమ్మకు ఇవన్నీ మాటల్లో చెప్పడం కష్టమైంది. అందుకని పాలు పొయ్యని టీ డికాషన్ చిక్కగా కాచి, వడగట్టి, గాజు గ్లాసులో పోసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున తీసి చూపిస్తే, నిన్న ఎర్రగా తేటగా ఉన్న డికాషన్ బురద నీళ్లలా ఉంది. “ఇది చెడిపోయిందా చిన్నమ్మా?” అన్నాను. ఆమె గ్లాసు తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది, వాసన చూసింది, ఒక గుక్క తాగింది. “బాగానే ఉంది గదా” అంది. టీలోని పాలీఫినాల్స్, కెఫీన్ చల్లదనానికి అతుక్కుని వచ్చిన మసక అది. గ్లాసును వేడి నీళ్ల గిన్నెలో నిలబెట్టాను. నాలుగైదు నిమిషాల్లో అడుగు నుంచి ఎర్రటి తేటదనం పైకి పాకింది. ఆమె గ్లాసు మీద నుంచి కళ్లు తియ్యలేదు.

“మరి మీ బీరు కూడా ఇట్ల వెచ్చబెడితే తేటపడతాదా?”

నిన్నటి నుంచి ఎవరూ అడగని ప్రశ్న అది. తమ్ముడే జవాబు చెప్పాడు. ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు మామూలు లాగర్‌లో కొద్దిగా మసక వస్తే, బయట పెట్టగానే ఈ టీ లాగానే విడిపోతుందట. అక్కడ ప్రోటీన్, పాలీఫినాల్ చేతులు పట్టుకున్నంతే, చలి తగ్గితే వదిలేస్తాయి. హేజీలో పట్టు అంతకంటే గట్టిది. గది వేడికి వచ్చినా అలాగే ఉంటుంది, మళ్లీ చల్లబరిచినా అలాగే ఉంటుంది. చిన్నమ్మ ఫోన్ అడిగి తీసుకుని, ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చూసింది.